మా అమ్మ మోకాళ్ళు, టీవీ గురువుగారు

మా అమ్మ మోకాళ్ళు జిల్లా అంతటికీ తెలుసు. గొప్పకి చెప్పడం లేదు. కొన్నేళ్ళపాటు పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం ఆమె టీవీలో చాప మీద కూచుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, కెమెరాకి దణ్ణం పెట్టేది. ఇంట్లో మాత్రం మంచం పట్టె, గోడ, తలుపు గడియ, ఏది దొరికితే అది పట్టుకుని లేచేది.

మాది గరివిడికీ నెల్లిమర్లకీ నడుమ ఓ చిన్న ఊరు. పల్లంలో వరి, మెట్టలో నువ్వు. నేను ఎచ్చెర్లలో ఫిజిక్సు చదివి, మా ఊరి జూనియర్ కాలేజీలోనే పాఠాలు చెప్పుకుంటున్నాను. అత్తవారిల్లు కూడా మూడు వీధుల అవతలే కావడంతో అమ్మా నేనూ రోజూ పోట్లాడుకోవడానికి వీలుగా ఉండేది. "నీ సదువు నీకాడే ఉంచుకో. నా మోకాళ్ళు ఏ పుస్తకంలో ఉన్నాయే?" అనేది. ఉన్నాయి, ఎముకల డాక్టరు పుస్తకంలో ఉన్నాయి. ఆ మాట అంటే ఆ పూట నాకు కాఫీ ఉండేది కాదు.

గురువుగారు గురువుగారు కాకముందు తీర్థాల్లో మైకు దగ్గర ఉండేవాడు. మా వైపు అమ్మవారి పండగలకి జనం విరగబడతారు, పిల్లలు తప్పిపోతారు. "ఎర్ర గౌను, కాళ్ళకి పట్టీలు, పేరడిగితే ఏడుస్తోంది, తల్లిదండ్రులు ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలి" అని చెప్పే గొంతు ఆయనదే. అబ్బ, ఏం గొంతు! అది వింటే పిల్ల తప్పిపోని తల్లి కూడా ఒకసారి చంక తడుముకునేది. కొన్నాళ్ళకి ఆ గొంతు కాషాయం కట్టుకుని మా లోకల్ కేబుల్లోకి వచ్చింది. చీరల కొట్టు ప్రకటనకీ పాత సినిమా పాటలకీ మధ్య అరగంట. చూస్తుండగానే సొంత చానెలు, హైవే పక్క బోడికొండ మీద ఆశ్రమం, కొండ చుట్టూ రంగు దీపాలు, కొండ కింద లాడ్జీలు, ఆయన బొమ్మతో గోడ గడియారాలు. రాత్రి రైల్లో పోయే కొత్తవాళ్ళు ఆ కొండని చూసి ఏదో ఫ్యాక్టరీ అనుకునేవారట. వాళ్ళని తప్పు పట్టలేం.

ఆయన పద్ధతి తేలిక. పొద్దున్నే ప్రత్యక్ష ప్రసారం వస్తుంది. టీవీ ముందు చిన్న గిన్నెలో నువ్వుల నూనె పెట్టాలి. ఆయన మంత్రం చదివినంతసేపూ మూత తీసి ఉంచి, అయ్యాక నొప్పి ఉన్నచోట రాసుకోవాలి. పాత డబ్బా టీవీల కాలంలో గిన్నె టీవీ నెత్తినే పెట్టేవారు. గోడకి అతుక్కునే టీవీలు వచ్చాక కింద స్టూలు వేశారు. మధ్యాహ్నం వచ్చే పునఃప్రసారానికి కూడా నూనె పనిచేస్తుందా లేదా అని మా వీధిలో ఆడవాళ్ళ మధ్య నెల్లాళ్ళు మాటల్లేవు. "పాలకొండలో ఒక తల్లి, ఎడం చెయ్యి పట్టుకుని కూచుంది. నాకు కనిపిస్తోంది" అనేవాడు గురువుగారు. అంత ఊళ్ళో పొద్దున్నపూట ఎడం చెయ్యి పట్టుకుని కూచున్న తల్లి ఒక్కతైనా ఉండదా?

మా నాన్న మాత్రం గిన్నె వైపు చూసి, "నువ్వులు మనవి. గానుగాడిచ్చింది మనం. నొప్పి మనది. మజ్జిన ఆయనదేటి?" అనేవాడు. అమ్మ ఆయన్ని అవతలికి పొమ్మనేది.

ఒకనాడు వీధివీధంతా బస్సు మాట్లాడుకుని కొండకి వెళ్ళాం. నేను అమ్మకి తోడు వెళ్ళాను, వేళాకోళానికి కూడా వెళ్ళాను. హాలు బయట చెవికి వైరు పెట్టుకున్న కుర్రాళ్ళు నిలబడి, ఎవరికి ఏం తగ్గిందో అడుగుతున్నారు. అమ్మ ఉన్నమాటే చెప్పింది. "నూనె రాసినకాడ్నించి కాస్త తెరిపిచ్చినట్టున్నాది బాబూ."

"కాస్త అనకండమ్మా. కాస్త అంటే టీవీలో బాగోదు" అన్నాడు వాడు.

రెండోసారి "సానా తగ్గినాది" అంది. వాడు తల అడ్డంగా ఊపాడు. మూడోసారికి "పూర్తిగా తగ్గిపోనాది" అనేసింది. వాడు వెంటనే ఆమె జడ సర్ది, పమిటకి మైకు తగిలించి లోపలికి తీసుకుపోయాడు. అక్కడ గురువుగారు చిరునవ్వు నవ్వి, "ఏదీ తల్లీ, కూచుని లే" అన్నాడు. కూచుంది. లేచింది. తర్వాత బస్సులో నేను కోప్పడితే, "ఆ నిమసాన నాకు నొప్పి తెలీనేదే. అన్ని దీపాలు, అంత జెనం. ఒట్టు, తెలీనేదు" అంది. అబద్ధమాడే మొహం కాదది. ఇప్పటికీ నేను ఆ మాట నమ్ముతాను.

ఆ నిమిషాన్ని చానెల్ వాళ్ళు ప్రకటనగా చేసుకున్నారు. ఇక చూడండి మా తిప్పలు! టీవీలో తగ్గిన మోకాళ్ళు ఊళ్ళో నొప్పెట్టకూడదు. కూరల బజారులో కుంటకూడదు. ఎదురింటి షావుకారుగారింట్లో వ్రతం చేసుకుంటే వచ్చిన పెద్దవాళ్ళందరికీ కుర్చీలు వేసి, మా అమ్మకి మాత్రం పీట ముందు చాప పరిచారు. "మీకేటి వదినా, మీవి కొత్త మోకాళ్ళు కదా" అంది షావుకారుగారి భార్య. కథ అయ్యేదాకా అమ్మ ఆ చాప మీదే ఉంది. ప్రసాదాల వేళకి నా చెవిలో, "నాను లెగలేను. నివ్వు కళ్ళు తిరిగినట్టు పడు. నిన్ను లేపినట్టు నాను లెగుస్తాను" అంది.

పడ్డాను, ఏం చేస్తాను? ఆమె నా భుజాల మీద బరువంతా వేసి, "ఓలి నా తల్లీ, ఏటైనాదే" అంటూ లేచింది. ఆ తర్వాత పేరంటాల్లో, పెళ్ళిళ్ళలో ఇదే నాటకం. కొన్నాళ్ళకి ఊళ్ళో నాకేదో జబ్బని పుకారు పుట్టింది. "పిల్లని కూడా గురువుగారికి సూపించీయరాదా?" అని మా అమ్మకే సలహాలు.

అంతలో షావుకారుగారి భార్య తన మోకాళ్ళు కూడా తగ్గిపోయాయని చాటింది. ఆవిడకీ నొప్పులున్నాయని మాకు తెలుసు. అంతకుముందు పనిమనిషి చేత ముగ్గు వేయించేది. ఇప్పుడు తనే వాకిట్లో బాసింపట్టు వేసుకుని మరీ చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. అది చూసి మా అమ్మ కూడా కూచుంది. తెల్లారేసరికి వీధికి ఇటొకరు, అటొకరు, పళ్ళ బిగువున నవ్వుకుంటూ ముగ్గులు వేసేవారు. లేవడం ఎవరు ముందన్నది మాత్రం తేలేది కాదు. ఒకరు లోపలికి పోతే గానీ రెండోవారు లేవరు.

ఆ సామ్రాజ్యం ఎలా కూలిందో అందరికీ తెలిసిందే, అయినా మా వైపు జరిగింది చెబుతాను. తుపాను వచ్చింది. రేకులు ఎగిరిపోయాయి, స్తంభాలు పడిపోయాయి, కరెంటు లేదు. కొండ మీద ఆశ్రమం పైకప్పు కూడా లేచిపోయిందని తెల్లారకుండానే కబురొచ్చింది. ఇంటి నిండా నీళ్ళతో మేమున్నాం. అంతలో హైదరాబాదునించి మా మేనమామ ఫోను. "మీకాడేటీ నేదు కదా? ఇప్పుడే టీవీలో లైవు సూసినాను. గురువుగారి ఎనకాల ఎండ కాస్తన్నాది, కొబ్బరాకు కదలనేదు" అన్నాడు.

కొబ్బరిచెట్టు మా వాకిట్లో అడ్డంగా పడి ఉంది. నాన్న ఫోను అమ్మ చేతికిచ్చి, "ఇదిగో, లైవంట. నివ్వే ఇను" అన్నాడు.

అదొక్కటి చాలింది. లైవు అన్నదంతా పాత రికార్డింగు అని తేలాక తీగ లాగినవాళ్ళకి డొంకంతా కదిలింది. ఒకే మనిషి మీసం మారుస్తూ జిల్లాకో జబ్బు తగ్గించుకున్న వీడియోలు ఫోన్లలో తిరిగాయి. కొండ పశువుల మేత పోరంబోకని తేలింది. అన్నిటికీ మించి, ఆ తుపాను రోజున గురువుగారు ఎక్కడున్నాడో బయటపడింది. వేరే రాష్ట్రంలో పెద్ద ఆసుపత్రిలో, వేరే పేరుతో, మోకాలు మార్పించుకుంటున్నాడు.

ఈ వార్త నేనే పరుగున వెళ్ళి అమ్మకి చెప్పాను. గెలిచానన్న సంబరం నాది. ఆమె పప్పు గిన్నె కిందకి దించి, ఒక్కటే అడిగింది. "ఏ మోకాలే? కుడిదా, ఎడందా?"

వారం తిరక్కుండా ఊళ్ళో గడియారాలన్నీ గోడలు దిగి పాతసామాన్లవాడి బండెక్కాయి. నూనె గిన్నె పెట్టిన ఇల్లు ఒక్కటీ లేదు. బస్సు ఎక్కిన మనిషి ఒక్కడూ లేడు. అందరూ మొదట్నించీ అనుమానించినవాళ్ళే! గురువుగారు బెయిలు మీద ఉన్నాడో, లోపల ఉన్నాడో, పట్టించుకున్నవాళ్ళు లేరు. చానెల్లో ఇప్పుడు దోసె పెనాలు అమ్ముతున్నారు.

అబ్బ, ఇక ఆసుపత్రికి వెళ్ళొచ్చు కదా అన్నాను. అమ్మ కస్సుమంది. "ఇప్పుడు కుంటితే ఏటంటారు? డబ్బు తీసుకుని టీవీలో అబద్దమాడినాదంటారు. సచ్చినా కుంటను." అన్నట్టే మరి కొన్నాళ్ళు, నొప్పి ఉన్న మోకాళ్ళతో నొప్పి లేనట్టు నడిచింది. ఒకనాడు తెల్లవారుజామున మరుగుదొడ్లోంచి లేవలేక పిలిచింది. నాన్న ఫోను చేస్తే పరిగెత్తుకెళ్ళాను, ఇద్దరం కలిసి లేపాం. ఆ పూట ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కోపంతోనే ఎక్కువ.

సింహాచలం వెళ్తున్నామని వీధిలో చెప్పి విశాఖపట్నంలో ఎముకల ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. టోకెను తీసుకుని తిరిగేసరికి బెంచీ మీద షావుకారుగారి భార్య. ఆవిడ అన్నవరం వెళ్తున్నానని చెప్పి వచ్చిందట. అమ్మ వెళ్ళి ఆవిడ పక్కనే కూచుంది.

"వదినా, నీకెప్పుడైనా తగ్గినాదా?" అని అడిగింది అమ్మ.

"ఒక్కనాడూ నేదు. నీకో?"

"నాకూ నేదు."

పిలుపొస్తే ముగ్గురం కలిసే లోపలికి వెళ్ళాం. అమ్మకి ఆపరేషను తప్పదని చెప్పి, డాక్టరు షావుకారుగారి భార్య ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి విసుక్కున్నాడు. మొదట్లోనే వస్తే మందులతో, చిన్న కసరత్తులతో పోయేదట, నేలమీద కూచుని కూచుని పూర్తిగా అరగదీసుకుందట. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు.

"అప్పుడే వద్దామనుకున్నాం బాబూ. కారు కూడా మాటాడినారు మావాళ్ళు." ఆవిడ డాక్టరు వైపే చూస్తూ అంది. "మా వదిన టీవీలో కూకుని లెగిసినాది. ఆవిడకి తగ్గినాదంటే నాకూ తగ్గుతాది కదా అనుకున్నాను."

మా అమ్మ మొహం అలా మాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అంతవరకూ తన మోకాళ్ళు తన బాధే అనుకుంది.

ఆపరేషను దాకా వాడమని ఇద్దరికీ చేతికర్రలు రాశాడు. ఒకే కారులో బయల్దేరాం. చీకటి పడ్డాక ఊళ్ళోకి వెళ్దామంది ఆవిడ, కర్రని చీర సంచిలో దాచుకుంది. అమ్మ మాత్రం ఇంకా ఎండ ఉండగానే వీధి మొదట్లో, ఇడ్లీ హోటలు ముందు కారాపించి దిగింది. కర్ర పొడిచి నిలబడింది.

"ఏటి పెద్దమ్మా, కాలికేటైనాది?" అన్నాడు హోటలతను. టీలు తాగేవాళ్ళంతా చూస్తున్నారు.

"తగ్గిపోనాదని టీవీలో సెప్పినాను కదా. తగ్గనేదురా. అప్పుడు ఇన్నోళ్ళందరికీ సెప్పు."

"ఆ పోగ్రాం నాను ఎప్పుడూ సూడనేదు పెద్దమ్మా" అన్నాడతను. కారులో ఆవిడ అద్దం పైకెత్తుకుంది.

ఆ రాత్రి నేను అమ్మ దగ్గరే ఉండిపోయాను. తెల్లారి వాకిట్లోకి వస్తే, ఎదురుగా షావుకారుగారి భార్య, ఎప్పటిలాగే బాసింపట్టు వేసుకుని ముగ్గు పెడుతోంది. అమ్మ కర్ర తీసుకుని వీధి దాటింది. నేను వెంట వెళ్ళబోతే ఆగమంది. ముగ్గులోనే నిలబడి ఎడం చెయ్యి చాపింది.

"లెగు వదినా. నా మాట ఇని కూకున్నావు. ఇప్పుడు నా మాట ఇని లెగు."

ఆవిడ అటూ ఇటూ చూసింది. పాలవాడున్నాడు, బడిపిల్లలున్నారు, మేడ మీంచి ఎవరో చూస్తున్నారు. చాలాసేపటికి చెయ్యి అందుకుంది. లేచేటప్పుడు ఇద్దరూ గట్టిగానే మూలిగారు, వీధంతా వినేటట్టు.