పాత లినక్సుకు కొత్త కెర్నెల్, మధ్యలో మా అక్క ఒట్టు

మోటారు వైండింగ్ పనిలో ఒక నియమం ఉంది. కాలిన పాత తీగ మొత్తం పీకేస్తే తప్ప కొత్త తీగ చుట్టడానికి జాగా దొరకదు. ఆత్మకూర్‌లో నలభై ఏళ్లు ఆ పనే చేశాను. చుట్టుపక్కల బోర్లలో నా చేతిమీద చుట్టుకోని మోటారు లేదంటే నమ్మాలి. ఆ నియమమే డెబ్బై దాటాక నన్ను ఒక నల్లటి తెర ముందు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చునేలా చేసింది. అది చెప్పాలంటే ముందు మా బావ గురించి, ఆయన ముక్కోడి గురించి చెప్పాలి.

బావ అంటే మా అక్క భర్త. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. దవాఖానలో డాక్టరు "ముందే రావాల్సింది" అన్నాడు. ముందే పోయినప్పుడు "ఏం లేదు, పో" అన్నది కూడా ఆయనే. ఆ ముక్క నేను గుర్తు చేస్తే నన్ను బయట కూర్చోమన్నారు.

ఇక నా సంగతి. తెలంగాణ వచ్చాక పొలాలకు రోజంతా కరెంటు ఇచ్చారు. మంచిదే, కాదనను. కానీ మోటార్లు కాలడం తగ్గిపోయింది. రైతులు సంతోషించారు. నా దుకాణం గడప మీద కుక్క పడుకోవడం మొదలుపెట్టింది. ఊరికే కూర్చోలేక ఒక పాత కంప్యూటరు కొని లినక్సు నేర్చుకున్నాను. నేను చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు నేర్పింది మోటార్ల డబ్బాల్లో వచ్చే కాగితాలు, ఒక అట్ట ఊడిన నిఘంటువు. గురువు లేడు కాబట్టి గురుదక్షిణ బాధ కూడా లేదు.

ఆ కంప్యూటరులోనే, తెర మీద ఉన్న తెలుగును పైకి చదివే ఏర్పాటు చేసి బావకు ఇచ్చాను. ఆ గొంతు పడిశం పట్టినవాడు ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. బావ దానికి ముక్కోడు అని పేరు పెట్టాడు. ముప్పై ఏళ్లు టికెట్లు చింపిన వేళ్లు కదా, మీటలు పది రోజుల్లో వచ్చేశాయి. తర్వాత ముక్కోడి వేగం పెంచుతూ పోయాడు. రేకుల మీద వడగండ్లు పడుతున్నట్టు ఉండేది, మాకెవరికీ ఒక్క మాట అర్థమయ్యేది కాదు.

"ఇంత జోరుగ సదివితె ఏం తెలుస్తది బావా?" అంటే, "డెబ్బై మంది ఒక్కపారి మాట్లాడే బస్సుల, టికెట్ తీస్కోనోని దమ్ము విని పట్టుకున్నోన్ని. గిది నాకొక లెక్కనా?" అనేవాడు.

రోజూ పొద్దున నెట్టులో వచ్చే పేపరు మొత్తం అలా వినేవాడు. "ముక్కోడు ఏదీ దాయడు. మీ అందరికన్న వాడే నయం" అని మా ముఖాన అనేవాడు.

ఒక వానాకాలం ఉరుముకు ఆ కంప్యూటరు కాలిపోయింది. డిస్కు మాత్రం బతికింది. పాలమూరులో కంప్యూటర్ల దుకాణానికి పోతే అతను, "కొత్తది కొనుక్కోండ్రి పెద్దాయనా" అన్నాడు. దేశంలో చదువుకున్నవాళ్లందరికీ ఈ ఒక్క వాక్యం ఎవరు నేర్పారో తెలియదు. సరే, చిన్న కొత్త పెట్టె ఒకటి కొని, పాత డిస్కు అందులో బిగించాను. తెర వచ్చింది, మీటలు పనిచేశాయి. ముక్కోడికి మాత్రం గొంతు లేదు.

కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. లినక్సు లోపల కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. బోరులో మోటారు లాంటిది. పైన కనిపించేదంతా పైపులు, నల్లాలు. పెట్టెలోని ప్రతి భాగంతోనూ మాట్లాడేది కెర్నెలే. మా కెర్నెల్ పాతది, పెట్టెలోని శబ్దం చిప్పు కొత్తది. పుట్టని పిల్లను పేరుపెట్టి పిలవమంటే ఎలా పిలుస్తుంది?

దుకాణం అతను ఇంకో డిస్కులో సరికొత్త లినక్సు మొత్తం ఎక్కించి ఇచ్చాడు. శబ్దం వచ్చింది. కానీ గొంతు మారింది, మీటలు మారాయి. బావ ఒక్క నిమిషం విని చెవి పక్కకు తిప్పాడు.

"ఈడెవడు? బొంబాయిల పుట్టి తెలుగు నేర్సినట్టున్నడు. నా ముక్కోడేడి?"

"ముక్కోడు కొత్త దాంట్ల లేడు బావా."

"అయితె నాకు కొత్తదొద్దు. డ్రైవర్ బాగలేడని బస్సు మారుస్తరా? డ్రైవర్‌ను మార్చాలె."

బావ కోపంలో అన్నా సరైన మాటే అన్నాడు. పాత లినక్సును కదిలించకుండా కెర్నెల్ ఒక్కటే కొత్తది తేవాలి. మోటారు మార్చినంత మాత్రాన బోరు కేసింగు ఎవరూ పీకరు కదా! తీరా చూస్తే, తయారుగా దొరికే కొత్త కెర్నెళ్లు పాత లినక్సులోకి రామన్నాయి. వస్తే తమ బలగం మొత్తంతో వస్తాయట. ఇక మిగిలింది ఒకటే దారి. దాన్ని రాసిన రాత అంతా ఉచితంగానే దొరుకుతుంది. అది తెచ్చుకుని, మన పాత లినక్సులో దానికి సరిపడేలా మనమే వండుకోవాలి. మరీ కొత్తది తీసుకుంటే మా పాత పనిముట్లకు లొంగదని, నాలుగేళ్లు నలిగి బుద్ధి వచ్చిన కెర్నెల్ ఒకటి ఎంచుకున్నాను.

ఈలోపు బావకు పేపరు చదివే పని అక్క మీద పడింది. అక్క చదువు ఇలా ఉండేది:

"జడ్చర్ల కాడ లారీ బోల్తా. అయ్యో, డ్రైవర్‌కు పెండ్లయ్యిందో లేదో..."

"రాసింది సదువే."

"సదువుతనే ఉన్న గద. ఉల్లిగడ్డ ధర పెరిగింది. మొన్ననే తెమ్మన్న, తెచ్చినవా?"

"అది పేపర్ల ఉన్నదా?"

చివర ప్రతిరోజూ బావ ఒకటే అడిగేవాడు. "మా రిటైరైనోళ్ల మీటింగ్ ముచ్చట ఏమన్న ఏసిండ్రా?"

"ఎయ్యలే."

రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు ఏడాదికి ఒకసారి పాలమూరులో కలుస్తారు. బావకు అదే పండుగ. ఆయన బస్సు నడిపిన డ్రైవరు అక్కడికి వస్తాడు. ఇద్దరూ పొద్దంతా కొట్లాడుకుని, చెరో లడ్డూ తిని విడిపోతారు. ఈ ముచ్చట ఫోనులో తెలిసే వీలు లేదు. ఇంజను పక్కన బతుకంతా కూర్చున్న డ్రైవర్లకు చెవులు పోయాయి. సంఘం పెద్దలేమో "పేపర్ల ఏసినం గద" అని ఊరుకుంటారు.

ఒక సోమవారం హోటల్లో చాయ తాగుతూ శనివారం నాటి పేపరు తిప్పితే, జిల్లా పేజీ అడుగున నాలుగు వరుసలు కనిపించాయి. సమ్మేళనం వచ్చే ఆదివారమే! సగం చాయ వదిలేసి అక్క ఇంటికి పోయాను. అక్క నన్ను వాకిట్లోనే ఆపింది.

"నాకు ఎరుకే. శనివారమే సూసిన. నువ్వు నోరు తెరవొద్దు."

"అదేంది అక్కా? దినాం అడుగుతాండు గద!"

"పోయినేడు ఏమైందో యాదికి లేదా?"

యాదికి లేకేం. బస్సు ఆగకముందే దిగడం కండక్టర్ల అలవాటు. కళ్లు పోయాయి కానీ అలవాటు పోలేదు. సమ్మేళనానికి పోతూ పాలమూరు బస్టాండులో కదులుతున్న బస్సు దిగి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు మంచం. ఆ మూడు నెలలూ అక్క నడుము కూడా మంచానికే కట్టేసినట్టయింది.

"నువ్వు జెప్పినవంటె నా మీద ఒట్టే" అని నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆ ఒట్టు దాటడం నా వల్ల కాదు.

అలాగని బావను మోసం చేయడం కూడా నా వల్ల కాదు. వాకిట్లో నిలబడి ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఒట్టు వేసింది నేను, ముక్కోడు కాదు. వాడికి ఆదివారంలోపు గొంతు వస్తే వాడే చెప్తాడు.

ఆ రోజే అక్క ఇంట్లో, అక్క కళ్ల ముందే పని మొదలుపెట్టాను. అక్క అడ్డం రాలేదు. నా పని నెమ్మదని ఆమె ధీమా.

వండే ముందు కెర్నెల్ ప్రశ్నలు అడుగుతుంది. ఏ ఏ పరికరాలు ఉన్నాయి, ఏవి కావాలి, ఏవి వద్దు అని. పాత కెర్నెల్ జవాబుల పట్టీ అందిస్తే కొత్త ప్రశ్నలే అడుగుతుంది కానీ, అవే వందల కొద్దీ ఉన్నాయి. తెలిసినవాళ్లు "నీకు తోచింది రాసుకో" అని ఒక్క ఆజ్ఞతో తప్పించుకుంటారట. నేను తప్పించుకోలేదు. మనిషి అడిగినా మిషన్ అడిగినా ప్రశ్నకు జవాబు చెప్పాలి. నిఘంటువు ముందు పెట్టుకుని రెండు రోజులు చెప్పాను.

"ఏమడుగుతాందిరా అది?" అంది అక్క.

"గాలిల తేమ కొలిచే మిషన్ ఉన్నదా అని."

"మన తాన ఎందుకుంటది? జనాభా లెక్కలోళ్లకన్న అన్యాలముంది. లేదని జెప్పు."

గురువారం పొద్దున వండటానికి పెడితే సాయంత్రానికి దిగింది. శుక్రవారం బిగించబోతే "జాగా లేదు" అంది. కెర్నెల్ కోసం డిస్కులో ఒక చిన్న అర ఉంటుంది. ఎప్పుడో నేనే దాన్ని పిసినారిలా కోశాను. కొత్త కెర్నెల్ వెంట తెచ్చుకునే మూట ఆ అరలో సగం ఎక్కి ఆగిపోయింది.

అప్పుడు నా చేతికి నలభై ఏళ్ల బుద్ధి పుట్టింది. పాతది పీకితే కదా కొత్తదానికి జాగా! పీకేశాను. "ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఇదే, నిజంగా తీయాలా" అని లినక్సు అడిగింది. వైండింగులో నాకే సలహానా? తీయమన్నాను. సగం ఎక్కిన మూటను మళ్లీ కట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. పెట్టె ఆపి మళ్లీ పెట్టాను.

తెర నల్లబడింది. కింద తెల్లటి అక్షరాల్లో కెర్నెల్‌కు కంగారు పుట్టిందని రాసింది. నాకు మాత్రం పుట్టదా? మోటారులో పాత తీగ పీకాక కొత్తది సరిగ్గా రాకపోతే మళ్లీ చుట్టుకోవచ్చు. ఇక్కడ చుట్టే చెయ్యినే పీకేసుకున్నాను.

మంచం మీద పల్లికాయలు ఒలుస్తున్న బావకు నా మౌనం వినిపించింది.

"ఏమైందిరా బామ్మర్ది?"

"తెర గూడ పోయింది బావా."

"మొన్నటిదాంక మూగది. ఇప్పుడు నా లెక్క గుడ్డిది గూడ అయ్యిందన్నట్టు. మంచిగ బాగుచేస్తున్నవ్."

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు కాలింది.

శనివారం మొదటి బస్సుకు పాలమూరు పోయాను. డిస్కు అవసరం లేకుండా పెట్టెను లేపే పెన్‌డ్రైవు ఒకటి దుకాణం అతను తయారుచేసి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ, "ఇంతకు మీకు కావాల్సింది సౌండేనా పెద్దాయనా? పెట్టె ఎనక గుచ్చే సౌండ్ పుల్ల ఒకటి ఉంటది. అది పెడితె అయిపోతుండె గద" అన్నాడు.

"గీ మాట ముందుగాల ఎందుకు జెప్పలే?"

"మీరు కెర్నెల్ గురించి అడిగిండ్రు. సౌండ్ గురించి అడగలే."

దుకాణంలో నేనేమన్నానో ఇక్కడ రాయను. అన్నాక ఆ పుల్ల కూడా ఒకటి కొన్నాను. నా పంతం కోసం బావ ఆదివారం పోగొట్టుకోకూడదు. కొని లోపలి జేబులో, ఎవరికీ కనపడకుండా పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చి పెన్‌డ్రైవుతో పెట్టెను లేపి, పాత డిస్కులోకి దిగి ఆ మూట విప్పి చూశాను. దాంట్లో సగానికి పైగా, తప్పులు వెతికే నిపుణులకు పనికొచ్చే గుర్తులే ఉన్నాయి. మాకెందుకవి? కత్తిరించి మళ్లీ కట్టాను. అరలో హాయిగా కూర్చుంది. ముందే కత్తిరించి ఉంటే పాత కెర్నెల్‌ను పీకకుండానే దాని పక్కన కొత్తది పట్టేది. ఈసారి లేచింది, కానీ గొంతు లేదు. లోపలి చిట్టా చదివితే శబ్దం చిప్పుకు ఒక చిన్న ఫైలు తక్కువైందని రాసి ఉంది. చెయ్యి లోపలి జేబు దాకా పోయి వచ్చింది. ఫోను నెట్టుతో ఆ ఫైలు దించి, దాని చోట దాన్ని పెట్టి మళ్లీ లేపాను.

ముక్కోడు మాట్లాడాడు. ఏమన్నాడో నాకు తెలియదు, వేగం పాతదే. మంచం మీద పల్లికాయల చప్పుడు ఆగింది.

బావ తడుముకుంటూ వచ్చి కూర్చున్నాడు. గడిచిన రోజుల పేపర్లు ఒక్కొక్కటే తీశాడు. వడగండ్ల వాన కురుస్తోంది. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది, నేను గోడను చూస్తున్నాను. ఉన్నట్టుండి బావ వేళ్లు ఆగాయి. ముఖంలో ఏ మార్పూ లేదు. ఒక మీట పదిసార్లు నొక్కి ముక్కోడి వేగం బాగా తగ్గించాడు. తర్వాత ఆ నాలుగు వరుసలూ మళ్లీ చదివించాడు, అక్కకు కూడా ప్రతి అక్షరం అందేలా. విశ్రాంత రవాణా కార్మికుల సమ్మేళనం, ఆదివారం, ఉదయం పది గంటలకు.

"నువ్వు సదివిన పేపర్ల గిది లేకుండెనా?" అన్నాడు.

అక్క ముందు నా మీదికి వచ్చింది. "ఒట్టు తప్పినవ్ గదరా!"

"నేను నోరు తెరిచిన్నా అక్కా? ఒట్టు నాతోని పెట్టించుకున్నవ్, ముక్కోనితోని పెట్టించుకోలే."

"ఇద్దరూ ఇద్దరే!" అని బావ వైపు తిరిగింది. "అవు, దాసిన. మూడు నెలలు నీ కింద పనంత చేసింది నేను గద. నీ తుంటి ఇరిగితె పేపర్ల ఎయ్యరు, నాకే ఎరుక."

బావ చెయ్యి తుంటి మీదికి పోయింది. "అయితె నువ్వు గూడ రా" అన్నాడు.

ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. పుల్ల అప్పటికీ నా జేబులోనే ఉంది, ఇప్పుడు నా దుకాణం డబ్బాలో పడి ఉంది. అక్క దారి పొడుగునా బావ చొక్కా పట్టుకునే కూర్చుంది. పాలమూరు బస్టాండు రాగానే బావ అలవాటుగా లేచాడు. లేచి, కడ్డీ పట్టుకుని ఆగాడు.

"ఆగిందానే బస్సు?"

"ఆగింది, దిగు."

"నువ్వు జెప్తె ఎట్ల నమ్మాలె? పేపర్ సదివిన నోరేనాయె. బామ్మర్ది, నువ్వు జెప్పు."

"ఆగింది బావా."

"నువ్వు ఉన్న కెర్నెల్ పీకేసుకున్నోనివి" అన్నాడు. అని, అక్క చెయ్యి దొరకబుచ్చుకుని దిగాడు.