ఒంటిచేత్తో ఆరు వందల పేజీలు

2023 వానాకాలం. దబీర్‌పురా స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే నా బైండింగ్ దుకాణం. దుకాణం అనగానే పెద్దగా ఊహించుకోకండి. కటింగ్ మెషీన్ పోగా మిగిలిన జాగాలో నేను కూర్చుంటాను, వచ్చినవాళ్లు గడప మీద నిలబడతారు. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది, నేనూ బతిమాలలేదు. అప్పటినుంచి ముప్పయ్యేళ్లకు పైగా పుస్తకాల మధ్యే ఉన్నాను. చదువుకున్నవాళ్లకు పుస్తకం లోపల ఏముందో తెలుస్తుంది, నాకు దాని వెన్నులో ఏముందో తెలుస్తుంది.

ఆ వెన్ను సంగతి ఒక ముక్క చెప్పాలి. పెద్ద షీటు మీద పదహారు పేజీలు అచ్చువేసి, మడతలు పెడతారు. ఆ కట్టను ఫారం అంటాం. పాతకాలం పుస్తకాల్లో ప్రతి ఫారాన్నీ మడత మధ్యలోంచి దారం పోనిచ్చి కుట్టేవాళ్లు. మాకంత తీరిక లేదు. వెన్నును మెషీన్ కింద పెట్టి కోసేస్తాం. మడతలు పోయి విడి కాగితాలు మిగులుతాయి. వాటిని అంచుకు అర అంగుళం లోపల, పైనుంచి కిందికి సూది దించి కుడతాం. ఇది సైడ్ స్టిచింగ్. వకీళ్ల ఫైళ్లు, బడి రిజిస్టర్లు అన్నీ ఇలాగే. నాకు పని నేర్పిన ఉస్తాద్ "కితాబ్ ఐసీ బాంధో కి ఖోల్నే వాలా థక్ జాయే" అనేవాడు. తెరిచేవాడికి ఆయాసం రావాలని అర్థం. ఈ ఒక్క పాఠంలో మాత్రం నేను ఫస్ట్ క్లాసు.

ఇక నా నవలా పాండిత్యం. పెద్ద నవలలను తొంభై ఆరు పేజీలకు కుదించి వేసే సన్న పుస్తకాలుంటాయి కదా, అద్దె పుస్తకాలాయన ఒకతను వాటికి అట్టలు వేయించుకునేవాడు. జిగురు ఆరడానికి రెండు గంటలు, సంక్షిప్త నవల చదవడానికీ రెండు గంటలే. అలా జిగురు ఆరేలోపల ప్రపంచ సాహిత్యం చాలావరకు పూర్తిచేశాను. ఎవరు ఏ నవల పేరెత్తినా మూడు వాక్యాల్లో కథ చెప్పేవాణ్ణి. ఆ గొప్ప మీద ఉన్న రోజుల్లోనే అన్నపూర్ణ గారు వచ్చారు.

ఆదివారం పొద్దున ఒక ఆటో ఆగింది. ముందు మూర్తి గారు దిగి, చెయ్యి పట్టుకుని భార్యను దింపారు. ఇద్దరూ ఉద్యోగాల కోసం కాకినాడ వైపునుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో స్థిరపడ్డవాళ్లు. ఆయన సర్కారు ఆఫీసులో, ఆమె టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఏడాది కింద ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట బాగానే ఉంది, నడక పర్వాలేదు, ఎడమ చెయ్యి మాత్రం పక్కన వేలాడుతోంది. భర్త పట్టుకున్న సంచిలోంచి ఆమె కుడిచేత్తో ఒక లావుపాటి నవల తీసి బల్ల మీద పెట్టారు.

"ఏంది మేడమ్, ఇది చదవడానికా, తలుపుకు అడ్డం పెట్టడానికా?" అన్నాను.

"ఏడాదినుంచీ తలుపుకే పనికొస్తోందయ్యా. ఒంటిచేత్తో పట్టుకోలేను. పడుకుని గుండెల మీద పెట్టుకుంటే ఊపిరాడదు. దీన్ని విడగొట్టి సన్న పుస్తకాలు చేసిపెట్టు."

"పుస్తకాలను కలిపి కుట్టమని వస్తరు గానీ, ఇప్పమని ఇయ్యాల్టిదాక ఎవ్వరూ రాలే మేడమ్. అయినా దీనికెందుకు తిప్పలు? దీన్నే చిన్నగ చేసిన పుస్తకం ఉన్నది. నేను చదివిన. మంచిగున్నది."

మూర్తి గారి మొహం వెలిగింది. "నేనూ అదే చెబుతున్నా బాబూ. అలాంటివి పది కొనిపెట్టాను. తేలిగ్గా ఉంటాయి, కథ తెలిసిపోతుంది."

అన్నపూర్ణ గారు నా వైపే చూస్తున్నారు. "చదివావుగా. అందులో అత్తగారు ఏమైంది?"

కాసేపు వెతుక్కున్నాను. "అత్త... చచ్చిపోతది కదా మేడమ్. 'ఆ ఏడాదే అత్తగారు పోయారు' అని ఉంటది."

"అంతేనా?"

"ఇంకేం కావాలె? పోయినామెను మళ్ల లేపుతరా?"

ఆమె నవ్వారు. "నీ దగ్గరున్నది కథ కాదయ్యా, కథ చిరునామా. ఇల్లు చూడలేదు నువ్వు."

ఫోన్‌లో చదువుకోవచ్చు కదా అని నేను అడగబోతుంటే ఆయనే అందుకున్నారు. "అదీ చెప్పాను. ఫోన్లతో ముప్పయ్యేళ్లు వేగాను, ఇక చాలంటుంది." అసలు విషయం కూడా ఆయనే చెప్పారు. ఇంట్లో రెండు అల్మారాల నిండా ఆమె పుస్తకాలున్నాయి. చదవలేని పుస్తకాలను రోజూ చూస్తూ బాధపడటం ఎందుకని ఆయన వాటిని ఒక కాలేజీ లైబ్రరీకి ఇస్తానన్నారు. వచ్చే సోమవారం వ్యాను వస్తుంది. ఆమె ఒక షరతు పెట్టారు. ఆ రోజుకి ఎవరి సాయం లేకుండా ఇరవై పేజీలు చదివి చూపిస్తే వ్యాను ఖాళీగా పోవాలి, లేకపోతే అన్నీ తీసుకుపోవచ్చు.

"ఎనిమిది రోజులు. చేస్తావా?" అన్నారు ఆమె.

"ఫికర్ చేయకుండ్రి మేడమ్. నా కుట్టు ఏనుగు గుంజినా ఊడది."

"ముందు ఒక్క భాగమే చేసి చూపించు. మిగతాదాన్ని ముట్టుకోకు."

ఆ ఒక్క మాట ఆ నవల ప్రాణం కాపాడింది.

ఐదు ఫారాలు, ఎనభై పేజీలు విడదీశాను. చేతులకు అలవాటైన పని అవి చేసుకుపోయాయి. వెన్ను కోశాను, సైడ్ స్టిచింగ్ వేశాను, గట్టి అట్ట బిగించాను. అరచేతిలో ఇమిడే ముద్దొచ్చే పుస్తకం తయారైంది. బుధవారం నేనే సంతోష్‌నగర్ తీసుకెళ్లాను, మెచ్చుకుంటే వినాలని.

అన్నపూర్ణ గారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఒడిలో దిండు పెట్టుకుని, దాని మీద పుస్తకం తెరిచారు. బొటనవేలితో అదిమి మొదటి పేజీ చదివారు. పేజీ తిప్పడానికి వేలు తీశారు. పుస్తకం టప్పున మూసుకుంది. మళ్లీ తెరిచి మీద కళ్లజోడు పెట్టె పెట్టారు. పుస్తకం దాన్ని కిందికి నెట్టి మూసుకుంది. మోచేత్తో అదిమారు. అప్పుడు లోపలి అంచున ఉన్న అక్షరాలు కుట్టులోకి పోయి కనబడలేదు. చచ్చుబడ్డ చేతిని కుడిచేత్తో ఎత్తి బరువులా పుస్తకం మీద పెట్టుకున్నారు. అది జారిపోయింది. పావుగంటలో మూడు పేజీలు. నుదురంతా చెమట.

ముప్పయ్యేళ్లలో నేను కట్టిన పుస్తకాన్ని ఒక మనిషి చదువుతుంటే చూడటం నాకదే మొదటిసారి.

మూర్తి గారు మెల్లగా అన్నారు. "వద్దులే అన్నపూర్ణా. ఎందుకీ హింస."

"సోమవారం అనుకున్నాం. ఇవాళ బుధవారమేగా," అన్నారామె. నా వైపు తిరిగారు. "ఏమయ్యా యాదగిరీ, దీన్ని చదవనివ్వకూడదనే కుట్టావా?"

జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏదీ రాలేదు. మా వీధిలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు.

"తప్పు నాదే మేడమ్. వెన్ను కొయ్యకుండ ఉండాల్సింది. మడతల కాడ కుడితే పుస్తకం చాపలెక్క పరుచుకుంటది. మిగిలిన ఐదొందల ఇరవై పేజీలకు మడతలున్నయి. ఈ ఎనభైకి నేనే లేకుండ చేసిన."

"అయితే కొత్త మడతలు పెట్టు."

"అట్ల ఎవరూ పెట్టరు మేడమ్. మస్తు పని."

"నేనూ కొత్తగా నడక నేర్చుకున్నాను. అదీ మస్తు పనే," అన్నారు.

పుస్తకం సంచిలో వేసుకుని వచ్చేశాను.

తెగిన మడతలను తిరిగి కలిపే పని ఒకటుంది. గార్డింగ్ అంటారు. విడిపోయిన రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి, మధ్యలో పల్చటి టిష్యూ పట్టీ అతికిస్తే మళ్లీ ఒకే షీటులా మడతపడుతుంది. అయితే ఎదురుగా ఉన్న పేజీలను అతికిస్తే కుదరదు. ఫారంలో ఒకటో పేజీ ఉన్న కాగితానికి జోడీ పదిహేనో పేజీ ఉన్న కాగితం. మూడుకు పదమూడు. ఇలా ఫారానికి నాలుగు జోడీలు, ఐదు ఫారాలకు ఇరవై. పట్టీ కాస్త వెడల్పైతే అక్షరం మీదికి ఎక్కుతుంది, సన్నమైతే ఊడుతుంది. ఉస్తాద్ చేస్తుంటే ఒకసారి చూశాను, అంతే.

గురువారం షట్టరు సగం దించి కూర్చున్నాను. ఫైళ్ల కోసం వచ్చిన వకీలు సాబ్ వంగి లోపలికి చూశాడు.

"ఏం యాదగిరి, దుకాణం బందా?"

"బంద్ కాదు సాబ్, ఆపరేషన్ నడుస్తున్నది. శనివారం రాండ్రి."

"నా కేసు శుక్రవారం ఉన్నదయ్యా."

"మీ కేసు పదేండ్లసంది నడుస్తనే ఉన్నది గద సాబ్. ఈమెకు సోమవారం దాకనే టైమున్నది."

ఆయన తిట్టుకుంటూ వెళ్లాడు. నేను తల ఎత్తలేదు.

జోడీలు సరిచూడాలంటే ఏ వాక్యం ఎక్కడ ఆగిందో, ఎక్కడ అందుకుందో చదవక తప్పదు. అలా నాకు అత్తగారు ఎదురైంది. పన్నెండో పేజీలో వస్తుంది. ఆమెకు చెవుడు మొదలవుతుంది, ఎవరికీ చెప్పదు. కోడలి పెదాలు చూసి ఊహించి జవాబులు చెబుతుంటుంది. ఒకసారి కోడలు ఏడుస్తూ తన కష్టం చెప్పుకుంటే, బెల్లం గురించి అడుగుతోందనుకుని డబ్బా తెచ్చి చేతిలో పెడుతుంది. కోడలు ఆ బెల్లం తింటూ ఇంకా ఏడుస్తుంది. మనిషికి ఇంత కథ ఉంటే, సంక్షిప్తంలో ఆమెకు దక్కింది పోయిన వార్త ఒక్కటే. అది నేను చదివి, మంచిగున్నది అని సర్టిఫికెట్ కూడా ఇచ్చాను.

బెల్లం దగ్గర మునిగిపోయి ఒక జోడీ తప్పుగా అతికించాను. తడి గుడ్డ వేసి నానబెట్టి, విడదీసి, ఆరబెట్టి మళ్లీ చేశాను. ఒక పూట పోయింది. శనివారం సాయంత్రానికి ఇరవై మడతలూ పూర్తయ్యాయి. ఒక్కో ఫారాన్ని మడత మధ్యలోంచి కుట్టాను. దారాన్ని బిగించబోయిన ప్రతిసారీ చేతిని నేనే ఆపుకోవాల్సి వచ్చింది. అట్ట కూడా గట్టిది వద్దని మందపాటి కాగితం లాంటి మెత్తటిది వేశాను. నా పాత సూది రంధ్రాలు మాత్రం అంచుల్లో వరుసగా కనిపిస్తూనే ఉన్నాయి. వాటినేం చేయలేకపోయాను.

ఆదివారం తలుపు దగ్గరే పుస్తకం ఇచ్చి వచ్చేద్దామనుకుంటే, "రేపు పొద్దున రా. నీ పని కూడా పరీక్షకు కూర్చుంటుంది," అన్నారు అన్నపూర్ణ గారు.

సోమవారం పదింటికి ఆమె కిటికీ పక్కన కూర్చున్నారు. దిండు మీద పుస్తకం తెరిచి, చెయ్యి తీసేశారు. అది తెరిచినట్టే ఉంది. ఆమె చదవడం మొదలుపెట్టారు. నాలుగో పేజీ దగ్గర రెండు కాగితాలు కలిసి వచ్చాయి. మూర్తి గారు సాయానికి లేవబోయి, షరతు గుర్తొచ్చి కూర్చున్నారు. ఆమె చూపుడువేలితో విడదీసుకున్నారు. తొమ్మిదో పేజీ దగ్గర చెయ్యి అలిసి ఆగారు. వేళ్లను ఒకసారి మూసి తెరిచి మళ్లీ అందుకున్నారు.

పదమూడో పేజీలో ఉండగా కింద వ్యాను హారన్ మోగింది. డ్రైవరు పైకి వచ్చి గుమ్మంలో నిలబడి పుస్తకాలెక్కడని అడిగాడు. "సాబ్, కితాబాఁ కహాఁ హై?"

"దస్ మినట్ ఠైరో భాయ్," అన్నాను నేను. "అందర్ ఇమ్తిహాన్ చల్రా." లోపల పరీక్ష నడుస్తోందని.

డ్రైవరు తొంగిచూశాడు. కిటికీ దగ్గర ఒకామె పుస్తకం చదువుకుంటోంది, ఇద్దరు మగవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అతనికేం అర్థమైందో గానీ చెప్పులు విడిచి గోడకానుకుని నిలబడ్డాడు.

ఇరవయ్యో పేజీ వచ్చింది. నేను పేజీ నంబరే చూస్తున్నాను. ఆమె అది చదివి తిప్పేశారు. ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఆమెకు షరతూ వ్యానూ ఏవీ గుర్తున్నట్టు లేవు. ఉన్నట్టుండి గట్టిగా నవ్వారు.

"ఏమైంది?" అన్నారు మూర్తి గారు.

"బెల్లం," అన్నారు ఆమె, తల ఎత్తకుండా. "ఉండండి, చదవనివ్వండి."

మూర్తి గారు లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి డ్రైవరు భుజం మీద చెయ్యి వేశారు. "క్షమించు బాబూ, వృథాగా రప్పించాను. ఆ పుస్తకాలు ఇంట్లో వాడుకలో ఉన్నాయని చెప్పు."

మిగతా భాగాలకు నెలన్నర పట్టింది. ఒక్కొక్కటి కుట్టాక ముందు నేను చదివి, తరువాత ఆమెకు ఇచ్చేవాణ్ణి. ఆలస్యమెందుకని ఆమె అడిగితే జిగురు ఆరలేదనేవాణ్ణి. మడత కుట్టుకు జిగురు పెద్దగా అక్కర్లేదని ఆమెకు తెలిసే ఉంటుంది, ఎప్పుడూ నిలదీయలేదు.

పుస్తకం ఊడిపోకుండా ఉండటమే నా పని అని అంతకాలం అనుకున్నాను. చదివే మనిషి చెయ్యి తీసినా అది తెరిచి ఉండాలని ఎవరూ చెప్పలేదు, నేనూ చూడలేదు. ఇప్పుడు గడప మీద ఎవరు నిలబడ్డా ముందు స్టూలు జరిపి కూర్చోబెడతాను. "ఎట్ల చదువుతరో జర చూపెట్టుండ్రి," అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు సిగ్గుపడతారు. ఒడిలో పెట్టుకునేవాళ్లు, బోర్లా పడుకునేవాళ్లు, అన్నం తింటూ పక్కన పరుచుకునేవాళ్లు. వాళ్లు చూపిస్తారు, నేను చూస్తాను. సూదిలోకి దారం ఎక్కించడం ఆ తరువాతే.