మార్సేల్ అంగళ్లలో జొన్నల వేట

మా నారాయణఖేడ్ దవాఖానలో ముప్పై ఏళ్లు కాన్పులు చేసిన తెల్ల నర్సమ్మకు ఒంట్లో సత్తువ అయిపోయింది. ఇంగ్లాండులో ఉన్న తమ్ముడు తన ఇంటికి వచ్చి ఉండమన్నాడు. ఒంటరిగా పంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే నన్ను తోడు పంపారు. రెండో పెద్ద యుద్ధం ఇంకా రాని రోజులవి. ఖేడ్ నుండి జహీరాబాదుకు మోటారులో, అక్కడి నుండి వికారాబాదు, వాడి జంక్షను మీదుగా బొంబాయికి రైల్లో పోయాం. మన నిజాం హాలీ సిక్కా బొంబాయిలో చెల్లదు, ముందే ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయలుగా మార్చుకోవాలి. ఓడ ఏడెన్, సూయజ్ దాటి రెండు వారాలకు ఫ్రాన్సు దేశపు మార్సేల్ రేవులో దించుతుంది. రాత్రి రైలెక్కితే మర్నాడు ఇంగ్లాండుకు పోయే పడవ అందుతుంది. ఓడ దిగాక రైలు వేళదాకా మాకు దొరికిన ఆ ఒక్క పగటి సంగతే ఇక్కడ రాస్తున్నాను. మన తాలూకా వాళ్లెవరైనా ఆ దారిన పోతే అక్కరకొస్తుంది.

ఓడలోనే నర్సమ్మ తిండి మానేసింది. రొట్టె, సూపు, గుడ్డు ఏది పెట్టినా రెండు ముద్దలకే తల తిప్పుకునేది. స్టేషను దగ్గరి పూటకూళ్లింట్లో దిగేసరికి కూర్చోలేకపోయింది. ఆ పొద్దుటే డాక్టరు వచ్చి చూశాడు. సాయంత్రం మళ్లీ వస్తానని, అప్పటికీ కడుపులోకి ఏమీ పోకపోతే రైలెక్కనివ్వనని, ఇక్కడి ఆసుపత్రిలో చేర్పిస్తానని ఇంగ్లీషులో చెప్పి వెళ్లాడు. అతను పోగానే నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మార్తా, గీ ఊర్ల నన్నెవ్వరెరుగరు. నన్నీడ ఇడిసిపెట్టి పోకే."

"ఎందుకిడుస్తనమ్మా? జర తిను, ఇద్దరం రైలెక్కుదం."

"గా రొట్టె నా గొంతుల దిగుతలేదు. జొన్న గటకైతే తాగుత."

జొన్నరవ్వ ఉంటే గటక కాచడం ఎంతసేపు, కానీ ఫ్రాన్సులో జొన్నలు ఎక్కడివి? అయినా సంచి పట్టుకుని బయలుదేరాను. స్టేషను మెట్లు దిగి తిన్నగా నడిస్తే పాత రేవు వస్తుంది, బండి అక్కర్లేదు. రేవు గట్టున ఆడవాళ్లు చేపలు అమ్ముతున్నారు. వాళ్ల కేకలు వింటే కల్హేర్ సంతలో మిరపకాయలమ్మే అక్కలే గుర్తొచ్చారు. వెనక వీధుల్లోకి తిరిగితే కూరగాయల బజారు. తామరమొగ్గలా పొరలు పొరలుగా ఉన్న ఆకుపచ్చ కాయ ఒకటి చూశాను. దాన్ని ఎక్కడ కోస్తారో, ఎక్కడ కొరుకుతారో తెలియలేదు. బుట్టలో నత్తలు పాకుతుంటే వాటిని తూచి కొనుక్కుంటున్నారు. నేరేడుపండనుకుని నల్లటి కాయ ఒకటి నోట్లో వేసుకున్నాను, ఉప్పూ చేదూ కలిసి ముఖం ముడుచుకుపోయింది. అమ్మేవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒక మూల బాండీలో ఏవో పసుపుపచ్చని ముక్కలు వేయిస్తున్నారు. కొని కొరికితే అచ్చంగా శనగపిండి! సముద్రం దాటాక మన రుచి తగలడం అదే మొదలు. శనగలుంటే జొన్నలూ ఉండవా అని ధైర్యం వచ్చింది.

ధాన్యం కొట్టులో గోధుమలు, బార్లీ, బియ్యం ఉన్నాయి గానీ జొన్నలు లేవు. "జొవార్" అంటే తల అడ్డంగా ఊపారు. మధ్యాహ్నం కావస్తోంది, అంగళ్లు ఒక్కొక్కటే మూస్తున్నారు. కాళ్లు లాగి ఒక గుమ్మం దగ్గర నిలబడ్డాను. పక్కనే ఒక ముసలామె చీపుళ్లు అమ్ముతోంది. చీపురు కొసలు ఎక్కడో చూసినట్టు అనిపించి వంగి చూశాను. జొన్న కంకి ఈనెలే అవి. ఒకదానికి రెండు మూడు గింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"అక్కా, గీ గింజ యాడ దొరుకుతది?" అని తెలుగులోనే అడిగాను.

ఆమె తన భాషలో ఏదో అంది. నేను గింజ గిల్లి చూపించి, చేత్తో దోసెడు పట్టి చూపించాను. ఆమె రెండు చేతులూ రెక్కల్లా ఆడించి పావురంలా గుర్రుగుర్రుమంది. తర్వాత చీపుళ్లు గోడకానించి, నా మోచెయ్యి పట్టుకుని రెండు సందులు దాటించింది. అది పంజరాలు, పిట్టల మేత అమ్మే కొట్టు. గోనెసంచిలో తెల్లజొన్నలు! ఒకటి కొరికి చూసి, ఆపుకోలేక ఆమెను కౌగిలించుకున్నాను. రెండు ఫ్రాంకులకు సంచెడు వచ్చాయి. దారిలో జున్ను కొట్టులో ఇంకా గట్టిపడని తెల్ల జున్ను కనిపిస్తే మజ్జిగకు బదులుగా అదీ కొన్నాను.

ఇక విసరడం. పూటకూళ్లింటి యజమానురాలి కాఫీ మర చూపించి అడిగితే, మేత గింజలు చూసి మరను వెనక్కి దాచుకుంది. మాటలు లేవు కనుక ఆమెను చెయ్యి పట్టి నర్సమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్లాను. నర్సమ్మ కళ్లు తెరిచి, తనకు వచ్చిన కొద్దిపాటి ఫ్రెంచిలో నాలుగు మాటలు చెప్పింది. యజమానురాలు కిందికి దిగి, ఒడిలో మర పెట్టుకుని, తానే తిప్పడం మొదలుపెట్టింది.

గటక ఉడికాక, పల్చన చేసిన జున్నునీళ్లు, ఉప్పు కలిపి చెంచాతో పట్టాను. నర్సమ్మ మింగి, మొహం చిట్లించింది.

"ఏందే, కాఫీ వాసనొస్తుంది!"

"మర గట్లున్నదమ్మా. పారబొయ్యాల్నా?"

"పారబోస్తవా? ఇటు తే."

గిన్నె తానే పట్టుకుంది. నేను పట్టబోయినా ఇవ్వలేదు. సగం అయ్యాక కంగ్టిలో వానలో చిక్కుకుని ఒక బాలింత ఇంట్లో గటక తాగిన రాత్రి గురించి చెప్పసాగింది. ఓడెక్కాక ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదలు. యజమానురాలు వేలితో ఒక్క చుక్క రుచి చూసి, భుజాలెగరేసి వెళ్లిపోయింది.

సాయంత్రం డాక్టరు నాడి పట్టి, ఖాళీ గిన్నె చూసి, ఏం తిన్నారని అడిగాడు. పిట్టల మేత అని నర్సమ్మ చెబితే నమ్మలేదు. సంచి విప్పి చూపించాను. నవ్వి, దిండ్లు ఎక్కువ పెట్టుకుని పొమ్మన్నాడు. ఆ రాత్రే రైలెక్కాం. ఇంగ్లాండులో తమ్ముడు ఆమెను స్టేషను నుండి నడిపించుకునే తీసుకెళ్లాడు. ఆమె అక్కడ రెండు చలికాలాలు బతికింది.

పరాయి దేశంలో మన వస్తువు ఉండదని బయలుదేరేటప్పుడు నేను నిశ్చయంగా అనుకున్నాను. అది తప్పు. అక్కడ ఉన్నవాళ్లకు దాని విలువ వేరు, చోటు వేరు, అంతే. మనం తినేది వాళ్లకు చీపురు, పావురాల మేత. నేను ముట్టని నత్తలు వాళ్లకు పండుగ. ఆ రోజు తిరిగిన బజారులో నాకు తెలియనివే ఎక్కువ, అయినా పరాయిదాన్నన్న బెరుకు మధ్యాహ్నానికే పోయింది. మీరు పోయేటప్పుడు ఒక్క పని చెయ్యండి. మీకు అలవాటైన ధాన్యాలు, పప్పులు, దినుసులు చిటికెడు చిటికెడు గుడ్డలో మూటలు కట్టి వెంట ఉంచుకోండి. పేర్లు చెబితే అక్కడ ఎవరికీ తెలియవు. గింజ అరచేతిలో పెట్టి చూపిస్తే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు.