సిమెంటు మీద విత్తనపు వడ్లు

అయినా మీరే చెప్పండి, కళ్లమంతా బురదైతే వడ్లు ఎక్కడ ఆరబోసుకోవాలి? మా ఊరివాళ్లకు విమానాల రోడ్డు ఉండేది. యుద్ధం రోజుల్లో మైపాడు దారి పక్కన మా పొలాలు తీసుకుని మిలిటరీవాళ్లు వేసిన సిమెంటు అది. యుద్ధం అయిపోయింది, మిలిటరీ పోయింది, పొలాలు మాత్రం మాకు తిరిగి రాలేదు. చాన్నాళ్లు అక్కడ మేకలు మేశాయి, మేము వడ్లు ఎండబెట్టుకున్నాం. యాభై తొమ్మిదిలో దాన్నే మామూలు జనం ఎక్కే విమానాలకు బాగుచేశారు. వారానికొకసారి చిన్న విమానం దిగేది. గేటు దగ్గర కావలికి మా పక్కింటి ఓబయ్యను పెట్టారు. అతని తండ్రి పొలం కూడా ఆ సిమెంటు కిందే ఉంది.

ఓబయ్య ఎవరినీ కాదనలేడు. కావలి ఉద్యోగానికి అంతకన్నా పనికిరాని గుణం లేదు. విమానం రాని రోజున ఎవరడిగినా వడ్లు పోసుకోనిచ్చేవాడు. ఆఫీసరు తిడితే తల వంచుకుని వినేవాడు, మళ్లీ పోసుకోనిచ్చేవాడు. చివరికి, ఇంకొక్కసారి గింజ కనబడితే ఇంటికి పంపిస్తానని ఆఫీసరు గట్టిగా చెప్పేశాడు.

అరవై మూడు మాఘమాసంలో వేళకాని ముసురు పట్టింది. ఓబయ్య చెల్లెలు కామమ్మ మొగుడు పోయాక కౌలుకు చేసుకుంటూ ఉండేది. విత్తనానికని తీసిపెట్టుకున్న మొలగొలుకుల వడ్లు తడిసిపోయాయి. అవి మొలకెత్తితే మళ్లీ నారు పోయడానికి గింజ ఉండదు, కౌలు పొలం ఇంకొకరికి పోతుంది. ఎండ కాసిన రోజు నా బండిలోనే మూటలు తెచ్చి గేటు ముందు దించింది.

"నీ ఉద్యోగం నువ్వు చూసుకోన్నా. నేను కూలికి పోతాలే" అనింది.

"ఎత్తిపొడుపులు చాలుగానీ మూటలిప్పు మే. ఈ పొద్దు విమానం రాదు" అన్నాడు ఓబయ్య.

ఆమె వడ్లు పరిచి గొడ్లకు మేత వేయడానికి ఇంటికి పోయింది. ఓబయ్య కాళ్లతో వాటిని తిప్పుతూ ఉన్నాడు. వాన నష్టం చూడడానికి ఎవరో పెద్దలు అప్పటికప్పుడు విమానంలో బయల్దేరారట. ఆ కబురు గేటుదాకా రాలేదు. సముద్రం వైపు నుంచి మోత వినబడింది. పక్కకు రమ్మని నేను కంచె దగ్గర నుంచి కేకలు వేస్తూనే ఉన్నాను. అతను పార తీసుకుని వడ్లు అంచుకు నెట్టడం మొదలుపెట్టాడు. సగం నెట్టాడు. విమానం దిగనే దిగింది. రెక్క తగిలి పడిపోయాడు.

నెల్లూరు ఆసుపత్రికి జీపులో తీసుకుపోతుంటే తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నొప్పి అనలేదు, నీళ్లడగలేదు.

"బాషా, అడుగునింకా తేమగానే ఉండాయి. పొద్దు వాలకముందే పోయి ఒకసారి తిప్పు" అన్నాడు.

తిప్పుతానన్నాను. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

నేను తిరిగి వచ్చేసరికి గేటుకు తాళం వేశారు. పోలీసులు ఎవరినీ లోపలికి వదల్లేదు. కామమ్మ కంచె పట్టుకుని నిలబడి ఉంది. మబ్బు కమ్ముకొస్తోంది. వడ్లు ఎవరూ తిప్పలేదు.