టీచరమ్మకు దొరకని గుడ్‌విల్

మా ఎదురింటి టీచరమ్మ పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నెల్లూరులో ఆఫీసులో ఉన్నాను. పొద్దున నిమ్మచెట్టుకు నీళ్లు పోసి వరండాలో కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. తోటపల్లి గూడూరు బస్సులో దారంతా ఏడ్చాను. ఆ ఏడుపులోనూ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు గుడ్‌విల్ సంగతేం చేయాలి?

అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. టీచరమ్మ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనారు. సొంతూరు మా తోటపల్లి గూడూరు కాదు, నిమ్మతోటల గూడూరు. అక్కడినుంచి తెచ్చిన నిమ్మ మొక్కను మా ఉప్పునేలలో నాటితే వీధంతా నవ్వింది. ఆవిడ పట్టుబట్టి కాయించారు. కాయలు ఇంటింటికీ పంచేవారు, ఎండకు మంచిదని చేపల వేటకు పోయే పడవల్లోకి కూడా పంపేవారు.

నేను తెలుగు మీడియంలో బీకాం పాసైన ఏడాదే నాన్న చెరువుకు తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలన్నీ చచ్చిపోయాయి. నెల్లూరులో రొయ్యల మేత కంపెనీ వాళ్లకు అకౌంట్స్ చూసే మనిషి కావాలట, ఇంటర్వ్యూ మాత్రం ఇంగ్లిషులో. ఆ ఉద్యోగం రాకపోతే రొయ్యలు వలిచే షెడ్డుకు పోవాల్సిందే. భయంభయంగా టీచరమ్మ గేటు తీశాను.

లెక్కల ఇంగ్లిషు నేర్పడంలో ఆవిడ పద్ధతి విచిత్రం. మాటకు అర్థం చెప్పరు. ఆ మాటకు మా ఊళ్లో ఒక వస్తువు దొరకాలి. దాన్ని చూసి, చేత్తో ముట్టుకున్నాకే ఇంగ్లిషు వాక్యం. "ముందు కంట్లో పడనీ అమ్మణ్ణీ, నోట్లోకి అదే వస్తుంది" అనేవారు.

మొదటిరోజే నేను చెరువులో రొయ్యల్ని క్యాష్ కింద రాసేశాను. మా వైపు అందరి లెక్కా అంతే. చెరువులో రొయ్య తిరుగుతుంటే డబ్బు చేతికొచ్చినట్టే, పెళ్లిళ్లు కూడా మాట్లాడేసుకుంటారు. టీచరమ్మ కళ్లజోడు పైనుంచి చూశారు.

"క్యాష్‌కు తెల్లమచ్చ వస్తుందా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు కానీ, ఇంకా అమ్ముడుపోని సరుకును ఇన్వెంటరీ అంటారన్నది మళ్లీ మరిచిపోలేదు. డిప్రిసియేషన్ కోసం చెరువుగట్టుకు నడిచాం. నీళ్లు చిలికే ఏరియేటర్ రెక్కను గోటితో గీరమన్నారు. తుప్పు ఊడి వేళ్లకు అంటుకుంది. "దీన్నెవరూ ఎత్తుకుపోలా. ఉప్పుగాలి తింటా ఉంది. ఏడాదికి ఇంత తినిందని మనం రాసుకుంటాం" అన్నారు. ఆస్తి ఎంత తొందరగా డబ్బవుతుందో చెప్పే లిక్విడిటీ వంతు వచ్చినప్పుడు, "మీ నాన్న అరెకరం తీసుకుపోయి టీ అంగట్లో ఇస్తే చిల్లర ఇస్తాడా?" అని అడిగారు.

గుడ్‌విల్ దగ్గర ఆగిపోయాం. వ్యాపారం చేతులు మారేటప్పుడు, ఉన్నవాటన్నిటికీ లెక్కగట్టిన విలువ కంటే కొనేవాడు పైన ఇచ్చేది. దానికి వస్తువేది? నాకు మా చర్చిలో కోతల పండుగ గుర్తొచ్చింది. పంటలో ముందుగా తీసింది తెచ్చి ఇస్తే ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మామూలు గుమ్మడికాయ కూడా సంత ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది. అదే చెప్పాను.

"అది మన సంఘస్తులు దేవుడికిచ్చే కానుక, ధర కాదు. ఇంకోటి వెతుకు" అన్నారు.

ఇంటర్వ్యూలో మేనేజరు గారు డిప్రిసియేషన్ అడిగారు. ఇంగ్లిషంతా ఎగిరిపోయింది. తుప్పు రెక్క గుర్తొచ్చింది, దాని వెనకే వాక్యమూ వచ్చింది. గుడ్‌విల్ అడిగితే మాత్రం, "మా టీచరమ్మా నేనూ ఇంకా వెతుకుతున్నాం సార్" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "దొరికినప్పుడు నాక్కూడా చెప్పమ్మా" అన్నారు. ఉద్యోగం వచ్చింది.

అప్పటినుంచి సాయంత్రం నేను బస్సు దిగి వస్తుంటే టీచరమ్మ గేటు దగ్గర నిలబడి, "దొరికిందా?" అనేవారు. "దొరకలా" అనేదాన్ని. ఒకసారి పేపరు చూపించి, "మూతపడిన హోటలు పేరుకే అంత పోసి కొన్నారంట, చూడు" అన్నారు. అంతలోనే, "పేరును ముట్టుకోలేం గదా" అని పేపరు మడిచేశారు. ఎప్పుడో పాఠాలు మానేసిన మనిషికి ఒక్క మాట మీద అంత ఆరాటమేమిటో! తెలియదని ఒప్పుకుని, హుషారుగా దాని వెంటపడటం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఆవిడ పోయాక మొదటి కోతల పండుగ మొన్న ఆదివారం వచ్చింది. ఏటా టీచరమ్మ తెచ్చే నిమ్మకాయల బుట్ట ఈసారి నేనే కాయలు కోసి నింపి తీసుకెళ్లాను. అన్నీ గోలీల్లాంటి కాయలు, గూడూరు మార్కెట్లో వాటివైపు ఎవరూ చూడరు. వేలం మొదలవగానే గుమ్మం దగ్గర ఒక గొంతు పలికింది. సముద్రం మీద వేటకు పోయే మా ఊరి అన్న. చర్చికొచ్చే మనిషి కాదు, వాళ్లింట్లో గంగమ్మను కొలుస్తారు. చెప్పులు విడిచి, గడప బయటే నిలబడి వేలంపాట పెంచుతున్నాడు. సంఘపెద్ద ఒకరు పోటీకి వెళ్లి చివరికి ఊరుకున్నారు. బుట్ట అన్నదైంది.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అంత ఎందుకు పాడినావన్నా? సంతలో ఇంతకంటే మంచి కాయలొస్తాయి గదా."

"కాయ సంగతి నాకు తెలీదా పాపా? టీచరమ్మ చెట్టువి గదా" అని, ఒక నిమ్మకాయ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికొస్తూ ఎదురింటి గేటు దగ్గర ఆగాను. "దొరికిందా?" అని అడిగేవాళ్లు లేరు. లోపల నిమ్మచెట్టు పాదు ఎండిపోయి ఉంది. ఆవిడ పోయాక రోజూ నేనే పోస్తున్నా, పొద్దున కాయలు కోసే హడావిడిలో నీళ్లు పోయలేదు. మా ఇంట్లో ఉంచిన తాళంచెవి తెచ్చి గేటు తీసి, బకెట్‌తో పాదు నిండా పోశాను. మరో చేతిలో కాయ అలాగే ఉంది.