సుజాత ఇంటి పార్టీలో తినని లడ్డు

మా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో ‘పార్టీ’ అనే మాట వినబడితే, ముందు అన్నదెవరో చూసేవాళ్ళం...

మా నాన్న బట్టల అంగట్లో పార్టీ అంటే పెళ్ళి బట్టలకు వచ్చిన పెద్ద బేరం. "పార్టీ వచ్చింది, సోడాలు తెప్పించప్పా" అనేవాడు గుమాస్తాతో. వీధిలో ఎవరైనా స్కూటర్ కొంటే "పార్టీ ఎప్పుడు మామా?" అని వెంటపడేవాళ్ళు. కోర్టు కాగితాల్లోనూ పార్టీలే. జమ్మలమడుగు బస్సులో పక్కనాయన మెల్లగా "మీరు యా పార్టీమ్మా?" అని అడిగితే మాత్రం అమ్మ కిటికీలోంచి బయటికి చూసేది...

ఆరో తరగతిలో నా పక్కన కూర్చునే సుజాత తన పుట్టినరోజు పార్టీకి పిలిచింది. వాళ్ళది పులివెందుల దగ్గర పల్లె. ఊళ్ళో వర్గాల గొడవలకు భయపడి మా వీధి చివర ఇల్లు తీసుకున్నారు.

అమ్మ ఆరా మొదలుపెట్టింది. "వాళ్ళ నాయన ఏం జేస్తాడు? ఇంటికాడ జీపులు నిలబడింటాయా?"

అమ్మ తమ్ముడు, మా మామ, ఆ గొడవల్లో ఒక వర్గం మనిషి. అయినా అమ్మ చివరికి పంపింది. "మీ మామకు ఎదురు పార్టీ వాళ్ళు. ఏమీ తినొద్దు, నీళ్ళు గూడా తాగొద్దు."

ఎదురు పార్టీ ఇంట్లో అన్నానికి చెయ్యి కడగకూడదు... మా వైపు కట్టుబాటు అది. అన్నంలో ఏం కలుపుతారోనని అనుమానం.

అనుమానం వాళ్ళకూ ఉంది. వాకిట్లో కూర్చున్నాయన నా చేతిలోని కానుక పొట్లం విప్పి, లోపలి కంపాస్ బాక్సు తెరిచి చూసి ఇచ్చాడు.

లోపల పిల్లలందరూ తింటున్నారు. నేను లడ్డు పట్టుకుని నిలబడ్డాను.

"ఏం పాపా, తినవా?" అంది సుజాత వాళ్ళమ్మ.

"కడుపునొప్పి అత్తా."

ఆమె నా చేతిలోంచి లడ్డు తీసుకుని సగానికి తుంచి, ఒక సగం నోట్లో వేసుకుంది.

"సూడు, నేను తింటాండా. ఇంగ నువ్వు తిను."

నేను తినలేదు...

"మీ యమ్మ వద్దన్యాదా?" అని అడిగింది సుజాత. తలూపాను.

సోమవారం తను వెనక బెంచీకి మారింది. పదో తరగతి అయిపోయి విడిపోయేదాకా నాతో మాట్లాడలేదు.

కొన్నేళ్ళకు ఎన్నికలొచ్చాయి. మామ వర్గం, సుజాత వాళ్ళ వర్గం పెద్దలూ ఒకే పార్టీలో చేరి, ఒకే పంక్తిలో భోంచేశారు. మామే వచ్చి చెప్పాడు, "రాజకీయమంటే అంతేలే" అని నవ్వుతూ. అమ్మ నవ్వలేదు.

ఇప్పుడు మా పిల్లలు ఎవరింట్లో తిన్నా నేను అడగను. అడగాలని నోటిదాకా వస్తుంది... మింగేస్తాను.

పెద్దల పగకు మీరూ ఒక స్నేహాన్ని పోగొట్టుకున్నారా? ఇక్కడ రాయండి.

సుజాతా, ఇది నీ కంట పడితే... ఆ రోజు నాకు తినాలనే ఉండింది.