ముప్పైకి డెబ్బై రెండు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

తొంభైల చివర్లో హోసూరులో ఒక టీవీ రిపేరు షాపులో నేను, మునిరాజు పనిచేసేవాళ్లం. మునిరాజుది ఊతంగరై దగ్గర కల్లావి అనే పల్లె. ఇంటిల్లిపాదీ సేద్యం చేసుకునేవాళ్లు. వీడు మాత్రం సాల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే అన్నం సంగతి కూడా మరిచిపోయేవాడు. వెంట్రుకంత తీగనైనా చెయ్యి వణక్కుండా అతికేవాడు. నాకు ఆ చెయ్యి లేదు. ఏ తీగ ఎక్కడికి పోవాలో కనిపెట్టి కాగితం మీద రాయడం వరకే నా పనితనం. మీ ఇద్దర్నీ కలిపితే ఒక మెకానిక్ అని ఓనరు ఎగతాళి చేసేవాడు. మునిరాజు నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, కానీ నాకు ఒళ్లు మండేది.

ఒక కస్టమరు సింగపూర్ నుంచి వీడియో గేమ్ క్యాసెట్ తెచ్చుకున్నాడు. ఇక్కడ దొరికే గేమ్ పెట్టెలో అది పట్టలేదు. మన క్యాసెట్లకు అరవై పిన్నులు, దానికి డెబ్బై రెండు. రెంటినీ కలిపే అడాప్టర్ బజార్లో ఎక్కడా లేదు. చేసిస్తామని ఓనరు మాటిచ్చాడు.

పని మొదలుపెట్టే ముందురోజు ఓనరు నన్ను పక్కకు పిలిచాడు. బెంగళూరులో కొత్త షాపు తెరుస్తున్నానని, అక్కడికి మునిరాజును పంపాలనుకుంటున్నానని, ఈ అడాప్టర్ అయ్యాక తానే చెబుతానని అన్నాడు. కాగితాలు రాసేవాళ్లు ఎవరైనా దొరుకుతారు, అలాంటి చెయ్యి దొరకదు అని కూడా అన్నాడు. తలూపి వచ్చేశాను. ఆ మాట మాత్రం మింగుడుపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరమే కూర్చున్నాం. ఒక కొసకు పాడైన క్యాసెట్లోని బోర్డు, రెండో కొసకు పాత కంప్యూటర్ నుంచి ఊడదీసిన స్లాటు, మధ్యలో అరవై దాకా తీగలు. నేను కాగితం చూసి అంకెలు చదవాలి, వాడు అతకాలి. అంతా అయ్యాక మళ్లీ మొదటినుంచీ నేను చదవాలి, వాడు మీటరు పుల్లలు రెండు కొసలకూ ఆనించాలి. బీప్ వస్తే ఆ తీగ సరైన చోట ఉన్నట్టు. వాడు కాగితం వైపు చూసేవాడే కాదు. తల తిప్పితే పుల్ల జారిపోతుంది. నేను ఏం చదివితే అదే వాడికి నిజం.

కరెంటు పిన్ను మన వైపు ముప్పైకి ఆ వైపు ముప్పై ఆరు. ఎర్తు పదహారుకు డెబ్బై రెండు. కాగితంలో సరిగ్గానే ఉంది. చదివేటప్పుడు నా కళ్లు ఒక వరుస జారాయి. ముప్పైకి డెబ్బై రెండు అన్నాను, పదహారుకు ముప్పై ఆరు అన్నాను. వాడు అలాగే అతికాడు. అది పొరపాటు. దేవుడి ముందు నిలబెట్టినా అదే చెబుతాను.

రెండోసారి చదివినప్పుడు ఆ పొరపాటు చూశాను.

నా వేలు ఆ వరుస మీదే ఉంది. ముప్పై అన్నాను. వాడు పుల్ల ఆనించి, వంచిన తల ఎత్తకుండా రెండో అంకె కోసం ఎదురుచూస్తున్నాడు. కాగితంలో ఉన్నది చదివితే బీప్ రాదు, ఊడదీసి మార్చి అతికిస్తాడు, ఐదు నిమిషాల పని, ఆ తర్వాత వాడు బెంగళూరు పోతాడు, నేను ఇదే బెంచీ మీద ఉండిపోతాను. ఇదంతా అప్పుడే అనుకున్నానా, తర్వాత కల్పించుకున్నానా? క్యాసెట్ కాలిపోతుందని తెలియదా? ఎందుకు తెలియదు. కరెంటు తిరగబడితే ఏమవుతుందో షాపులో చేరిన వారానికే నేర్చుకున్నాను.

డెబ్బై రెండు అన్నాను. బీప్ వచ్చింది. కింది వరుసా అలాగే చదివాను.

సోమవారం కస్టమరు ముందే ఓనరు స్విచ్చి వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది. కాలిన వాసన వచ్చింది. ఓనరు అడాప్టర్ విప్పి, నా కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో తీగా చూశాడు. కాగితం సరిగ్గా ఉంది. తీగలు తప్పుగా ఉన్నాయి. మునిరాజు కాగితం మీద వేలు పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"నువ్వు చదివింది ఇదే కదప్పా?"

"ఇదే చదివినాను."

"బీప్ వచ్చిండె కదా."

"పుల్ల వేరే పిన్నుకు తగిలిందేమో."

కాసేపు తన చేతివేళ్ల వైపే చూసుకున్నాడు. తర్వాత తన చెయ్యే తప్పిందన్నాడు, అదీ ఓనరుతో. ఓనరు తిట్టలేదు. ఇక బెంచీ ముట్టొద్దన్నాడు. ఆ వారంలోనే మునిరాజు ఊరికి వెళ్లిపోయాడు. బెంగళూరుకు నేను వెళ్లాను.

ఏడెనిమిదేళ్ల తర్వాత కృష్ణగిరి బస్టాండులో కనిపించాడు. నేను తప్పుకునేలోపే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. టీ తాగించాడు. సేద్యం చేస్తున్నాడట. పొలంలో మోటారు స్టార్టరు చెడిపోయినా ముట్టుకోడట, ఊతంగరై నుంచి మెకానిక్కు వచ్చేదాకా పైరు ఎండినా సరేనట. తన చేతిని నమ్మడం ఆ రోజే మానేశానని మామూలుగా చెప్పాడు. నా బస్సుకు ఇంకా అరగంట ఉంది. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. నోరు తెరిచాను కూడా. అంతలో వాడే అన్నాడు:

"నా వల్ల ఆ పొద్దు నీకూ మాటొచ్చింది. మనసులో పెట్టుకోవద్దప్పా."

పెట్టుకోలేదన్నాను. అవును, అలాగే అన్నాను. నేను వాణ్ణి క్షమించాను. క్షమించి బస్సెక్కాను.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. ఆ పని మీది కాదు. వాడికి చెబుతానని మాట ఇవ్వడానికి కూడా నాకు నోరు రావడం లేదు. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఈ మాట ఉండాలనిపించింది. మునిరాజు చెయ్యి తప్పలేదు. నేను తప్పు చదివాను, తెలిసే చదివాను.